పిల్లరు రింగు పనితనం

సొంతిల్లు కట్టించుకున్నవాళ్లతో కాసేపు కూర్చుంటే పిల్లర్ల మాట రాకుండా పోదు. ఎనిమిదేసి కడ్డీలు వేయించాం, అన్నీ పదహారు ఎం.ఎం., ఫలానా కంపెనీ టీఎంటీ, ఫలానా సిమెంటు అని లెక్క ఒప్పజెబుతారు. ఆ కడ్డీలన్నింటినీ చుట్టి పట్టుకున్న రింగుల సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాదు. నిలువు కడ్డీ కంటికి ఆనుతుంది, దాని ఖరీదు బిల్లులో కనబడుతుంది. రింగు సన్నగా ఉంటుంది. కడ్డీలు చెదిరిపోకుండా కట్టిన కట్టులా అనిపిస్తుంది తప్ప దానికంటూ ఒక పని ఉందని తోచదు.

కట్టుబడిలో పనితనం ఎలా ఉందో ఒక్క చోట చూసి తేల్చమంటే నేను రింగునే చూస్తాను. ఇంజినీరు వేసిన లెక్క, మేస్త్రి చేతి నేర్పు, యజమాని శ్రద్ధ మూడూ ఆ చిన్న కడ్డీ దగ్గర కలుస్తాయి. మూడింటిలో ఏది లోపించినా అక్కడే బయటపడుతుంది. మంచి మేస్త్రి వంచి కట్టిన రింగు ఎంత ఆలోచనతో కూడిన వస్తువో, దాన్ని సరిగ్గా చేయడానికి ఎంత ఓపిక కావాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మూడు పనులు

పిల్లరులో రింగు చేసే పనులు మూడు. మొదటిది నిలువు కడ్డీని వంగనివ్వకపోవడం. పదహారు ఎం.ఎం. కడ్డీని విడిగా నిలబెట్టి పైనుంచి నొక్కితే మధ్యలో విల్లులా వంగిపోతుంది. కాంక్రీటులో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న కాంక్రీటు దాన్ని ఆపుతుంది. భూకంపంలో పిల్లరు పైపొర రాలిపోయిందంటే ఆ ఆసరా పోతుంది. అప్పుడు కడ్డీని పట్టి ఉంచేవి రింగులే. రెండు రింగుల మధ్య దూరం ఎక్కువైతే ఆ సందులోనే కడ్డీ బయటికి తన్నుకొస్తుంది.

రెండోది కోతను తట్టుకోవడం. నేల పక్కకి ఊగినప్పుడు పిల్లరు మీద ఏటవాలుగా పగుళ్లు పడతాయి. పగులుకు అడ్డంగా ఇనుము లేకపోతే పిల్లరు ఆ గీత వెంబడే తెగి జారుతుంది. నిలువు కడ్డీలు ఎన్ని ఉన్నా ఆ కోతను ఆపడంలో వాటి పాలు స్వల్పం. పగులును దాటి పట్టుకునేది అడ్డంగా తిరిగిన రింగు. ఫ్రాన్సులో ఫ్రాంస్వా ఎనెబిక్ 1892లో కాంక్రీటు బీములకు పేటెంటు తీసుకున్నప్పుడే ఇలాంటి ఇనప పట్టీలను యు ఆకారంలో వంచి బీముల్లో వాడాడు. ఇప్పుడు బీముల్లో మనం వేస్తున్న రింగులకు మూలం అదే.

మూడో పని అన్నింటికన్నా గొప్పది. కాంక్రీటును పైనుంచి నొక్కితే కిందికి కుదించుకుపోతూ పక్కలకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు హద్దు దాటితే లోపల నిలువుగా చీలికలు పుట్టి ముక్కలవుతుంది. పక్కలకు ఉబ్బకుండా చుట్టూ పట్టి ఉంచగలిగితే అదే కాంక్రీటు ఎంతో ఎక్కువ బరువు మోస్తుంది. ఫ్రెంచి ఇంజినీరు అర్మాండ్ కాన్సిడెర్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే చుట్టుకడ్డీ వేసిన కాంక్రీటు మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించాడు. 1920ల చివర అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్ట్, బ్రాంట్‌జెగ్, బ్రౌన్ కలిసి దాన్ని అంకెల్లో పెట్టారు. పక్కనుంచి ఎంత ఒత్తిడి పెడితే కాంక్రీటు బలం దానికి దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుందని వాళ్లు తేల్చారు. ఆ సూత్రం ఇప్పటికీ చెల్లుతోంది.

బలం పెరగడం కన్నా ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. చుట్టూ పట్టు లేని కాంక్రీటు తన పొడవులో వెయ్యింట మూడున్నర వంతు కుదించుకునేసరికి నలిగిపోతుందని మన లెక్కల్లో తీసుకుంటాం. దగ్గర దగ్గరగా రింగులు వేసిన కాంక్రీటు దానికి కొన్ని రెట్లు కుదించుకున్నా బరువు వదిలిపెట్టదు. అంటే పిల్లరు దెబ్బతింటుంది, పగుళ్లు తేలుతుంది, పక్కకి ఒరుగుతుంది, అయినా మోస్తూనే ఉంటుంది. లోపలున్నవాళ్లు బయటపడడానికి దొరికే వ్యవధి అక్కడినుంచే వస్తుంది.

ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే అది బిగుసుకుని మొదటిరోజు నుంచే చక్రాన్ని నొక్కి పడుతుంది. పిల్లరు రింగు అలా కాదు. మామూలు రోజుల్లో దాని మీద దాదాపు ఏ బరువూ ఉండదు. కాంక్రీటు ఉబ్బడం మొదలైన క్షణంలోనే అది బిగుస్తుంది. యాభై ఏళ్లు ఖాళీగా ఉండి ఒక్క నిమిషం పనిచేయాల్సిన వస్తువు కాబట్టి, ఆ నిమిషంలో విప్పుకుపోని విధంగా దాని కొసలు ఉండాలి. అసలు పనితనమంతా ఆ కొసల దగ్గరే ఉంది.

బల్ల మీద

రింగు తయారయ్యే చోటు చూస్తే పెద్ద యంత్రాలేమీ ఉండవు. ఒక దళసరి చెక్క బల్ల, దాని మీద కొలతల ప్రకారం బిగించిన ఇనప పిన్నులు, కడ్డీని పట్టి తిప్పడానికి పొడుగు పిడి ఉన్న కీ. పెద్ద సైట్లలో రింగులు వంచే మిషన్లు వచ్చాయి. మామూలు ఇళ్లకూ చిన్న అపార్ట్‌మెంట్లకూ ఇంకా ఈ బల్లే.

మూడు వందలకు నాలుగు వందల యాభై మిల్లీమీటర్ల పిల్లరును తీసుకుందాం. రింగును కప్పే కాంక్రీటు పైపొర, అంటే కవర్, చుట్టూ నలభై మిల్లీమీటర్లు పోతే రింగు బయటి కొలత 220కి 370. చుట్టుకొలత 1,180 మిల్లీమీటర్లు. రెండు హుక్కులకూ కలిపి ఇంకో జానెడు కావాలి. ఒక్కో రింగుకు దాదాపు 1.4 మీటర్ల ముక్క కోస్తారు. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని రాడ్ బెండింగ్ మేస్త్రులందరికీ నోటి లెక్క. ఎనిమిది ఎం.ఎం. కడ్డీ మీటరుకు 0.395 కిలోలు. రింగు బరువు అర కిలో పైచిలుకు.

మొదటి హుక్కు, తర్వాత మూడు మూలలు, చివర రెండో హుక్కు. మంచి మేస్త్రి చేతిలో ఇదంతా ఆగకుండా సాగిపోతుంది. మూడో మూల తిప్పేటప్పటికి కడ్డీ బల్ల మీదినుంచి కాస్త లేవబోతుంది, దాన్ని ఎడమచేత్తో అణచిపట్టి కుడిచేత్తో కీ తిప్పాలి. లేకపోతే రింగు మెలికపడి బల్ల మీద చదునుగా కూర్చోదు. మెలికపడ్డ రింగును పిల్లరులో వేస్తే ఒక మూల కడ్డీకి ఆనుతుంది, ఎదుటి మూల ఎడంగా ఉండిపోతుంది. కడ్డీని తాకని రింగు ఆ కడ్డీని పట్టలేదు. అందుకే చేయి తిరిగినవాళ్లు పది రింగులు కాగానే ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తారు. దొంతర తిన్నగా నిలబడితే కొలత నిలిచినట్టు.

వంపు తిప్పే పిన్ను మందం కూడా లెక్కే. మరీ సన్న మేకు చుట్టూ లాగి వంచితే వంపు బయటి అంచున కడ్డీ చిట్లుతుంది. ఒకసారి వంచినదాన్ని సరిచేయడానికి తిరగవంచితే అక్కడ బలహీనపడుతుంది. తేలిగ్గా వంగుతుందని కాల్చడం టీఎంటీ కడ్డీకి అసలే పనికిరాదు. వేడి కడ్డీ మీద నీళ్లు కొట్టి ఫ్యాక్టరీలో తెచ్చిన గట్టిదనం ఆ కాల్పుతో పోతుంది. ఎఫ్ఈ 500డి రకం కడ్డీ తెగేలోపు కనీసం 16 శాతం సాగాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 చెబుతోంది. మామూలు 500 రకానికి 12 శాతం చాలు. రింగు సాగాల్సిన వస్తువు కాబట్టి ఆ తేడా రింగులోనూ అవసరమే.

ఇక చివరి హుక్కు. మూల తిప్పినట్టే తొంభై డిగ్రీలకు తిప్పి ఆపేస్తే పని త్వరగా అయిపోతుంది. రింగు చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. అక్కడ ఆగకుండా ఇంకో నలభై అయిదు డిగ్రీలు తిప్పితే కొస పిల్లరు లోపలికి, మధ్య భాగం వైపు తిరుగుతుంది. భూకంపాన్ని తట్టుకునే కట్టుబడికి మన నిబంధన అయిన ఐఎస్ 13920 అడిగేది ఇదే. హుక్కు 135 డిగ్రీలు ఉండాలి. వంపు దాటాక కొస కడ్డీ మందానికి ఆరు రెట్లు, ఎంత తక్కువైనా 65 మిల్లీమీటర్లు పొడవు ఉండాలి. ఎనిమిది, పది ఎం.ఎం. రింగులు రెండింటికీ 65 లెక్కే వస్తుంది. ఆ నలభై అయిదు డిగ్రీలకు పట్టే సమయం కొద్ది క్షణాలు. మొత్తం భవనంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలితం ఇచ్చే పని మరొకటి లేదని నా నమ్మకం.

ఆ నలభై అయిదు డిగ్రీలు

ఎందుకు అంత పట్టుదల? గట్టి భూకంపంలో పిల్లరు కవర్ రాలిపోతుంది. అది సహజం, లెక్కలో ముందే ఒప్పుకున్న నష్టం. తొంభై డిగ్రీల హుక్కు కొస పడుకుని ఉండేది ఆ కవర్‌లోనే. కవర్ రాలగానే కొసను పట్టి ఉంచేది ఏమీ ఉండదు. లోపలి కాంక్రీటు ఉబ్బి తోస్తుంది, రింగు తలుపులా తెరుచుకుంటుంది. నిలువు కడ్డీలు వంగి బయటికి వస్తాయి, కాంక్రీటు పిండి అవుతుంది, పై అంతస్తు కూర్చుంటుంది. 135 డిగ్రీల హుక్కు కొస కవర్‌ను వదిలి లోపలి కాంక్రీటులో దిగి ఉంటుంది. లోపలి కాంక్రీటు ఎంత ఉబ్బితే హుక్కును అంత గట్టిగా బిగిస్తుంది.

2001 జనవరి 26 ఉదయం గుజరాత్‌లో వచ్చిన భుజ్ భూకంపం దీన్ని మన దేశానికి కళ్లకు కట్టినట్టు చూపింది. కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు పదుల సంఖ్యలో కూలాయి. వాటిలో ఎక్కువ భాగం కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా వదిలి, పైన ఫ్లాట్లు కట్టినవి. కూలిన చోట్ల ఇంజినీర్లు చూసింది దూరదూరంగా వేసిన రింగులు, తొంభై డిగ్రీల దగ్గర ఆగిపోయి తెరుచుకున్న హుక్కులు. మరో సంవత్సరానికి వచ్చిన, భూకంప బలాల లెక్క చెప్పే ఐఎస్ 1893 సవరణలో అలాంటి పార్కింగ్ అంతస్తు పిల్లర్లను రెండున్నర రెట్ల బలానికి లెక్కకట్టాలన్న నిబంధన చేరింది. ఐఐటీ కాన్పూర్ నుంచి ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి గారు రాసిన భూకంప చిట్కాల్లో ఈ హుక్కు బొమ్మ వేసి మరీ వివరించారు. సైటులో అతికించుకోదగ్గ బొమ్మ అది.

అంతకు ముప్పై ఏళ్ల ముందే అమెరికాలో ఒక ఆసుపత్రి ఇదే పాఠం చెప్పింది. 1971 ఫిబ్రవరి 9న లాస్ ఏంజెలెస్ దగ్గర శాన్ ఫెర్నాండో భూకంపంలో అప్పుడప్పుడే కట్టి తెరిచిన ఆలివ్ వ్యూ ఆసుపత్రి కింది అంతస్తు దాదాపు రెండడుగులు పక్కకి ఒరిగింది. మూలల్లో మామూలు రింగులతో కట్టిన పిల్లర్లు పిండిపిండి అయ్యాయి. తెంపులేని కడ్డీని స్ప్రింగులా దగ్గరగా చుట్టిన పిల్లర్ల కవర్ రాలింది కానీ లోపలి భాగం చెక్కుచెదరకుండా భవనాన్ని మోసింది. ఒకే భవనం, ఒకే కాంక్రీటు, ఒకే కుదుపు. చుట్టు వేసిన తీరులోనే తేడా. భవనాన్ని తర్వాత పడగొట్టాల్సి వచ్చింది. అయినా ఆ రోజు అది లోపలున్న రోగుల మీద కూలలేదు.

మనకేం, మన దగ్గర భూకంపాలు రావు కదా అనేవాళ్లు ఉన్నారు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతం కదిలాయి. మూడింటి తీవ్రతా అయిదుకు పైనే. 2016 నాటి ఐఎస్ 1893 పటంలో విజయవాడ మూడో భూకంప జోన్‌లో ఉంది, హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంది. మూడో జోన్ నుంచి పైకి ఐఎస్ 13920 తప్పనిసరి. రెండో జోన్‌లో కట్టేవారి ఇష్టానికి వదిలారు. ఇష్టానికి వదిలిన చోట కూడా హుక్కును లోపలికి తిప్పించేవాళ్లను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

ఎంత ఎడం

రింగు సరిగ్గా వంచాక దాన్ని ఎక్కడ కట్టాలన్నది తర్వాతి ప్రశ్న. పిల్లరు పొడవునా ఒకే ఎడంలో రింగులు కట్టడం మన దగ్గర పాత అలవాటు. కానీ పక్కకి ఊగినప్పుడు పిల్లరుకు దెబ్బ తగిలేది పైకొసన, కిందికొసన. మధ్యలో తక్కువ. కాబట్టి కొసల్లో రింగులు చిక్కగా ఉండాలి.

మన 300కు 450 పిల్లరునే చూద్దాం. చిక్కటి రింగులు ఎంత పొడవున వేయాలంటే పిల్లరు పెద్ద పక్క కొలత, పిల్లరు ఎత్తులో ఆరో వంతు, 450 మిల్లీమీటర్లు, ఈ మూడింటిలో ఏది పెద్దదైతే అంత. ఎత్తు 2.7 మీటర్లనుకుంటే మూడూ 450కే వస్తాయి. అంటే కింద అడుగున్నర, పైన అడుగున్నర. ఆ మేరలో రింగుకూ రింగుకూ ఎడం చిన్న పక్కలో నాలుగో వంతు, సన్నటి నిలువు కడ్డీ మందానికి ఆరు రెట్లు, 100 మిల్లీమీటర్లు, ఈ మూడింటిలో చిన్నది. మన పిల్లరుకు 75, 96, 100 వస్తాయి కాబట్టి 75 తీసుకోవాలి. మూడంగుళాలు. మధ్య భాగంలో 150 చాలు. ఇది ఎడం లెక్క మాత్రమే. రింగు మందానికి ఇంకో లెక్క ఉంది, చిన్న పిల్లర్లకు చాలాసార్లు ఎనిమిది చాలక పది ఎం.ఎం. వేయాల్సి వస్తుంది.

ఆరు రెట్లన్న నియమం ఎక్కడినుంచి వచ్చిందో గమనిస్తే ముచ్చటేస్తుంది. రెండు రింగుల మధ్య ఉన్న కడ్డీ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత కష్టంగా వంగుతుంది. మొదట చెప్పుకున్న మొదటి పనికి కట్టిన లెక్క అది. చిన్న పక్కలో నాలుగో వంతన్నది మూడో పనికి కట్టింది. ఎడం పెరిగితే రెండు రింగుల మధ్య కాంక్రీటు పట్టు తప్పి రాలుతుంది. ఒక్కో అంకె వెనక ఒక్కో ప్రమాదం ఉంది.

పొడుగు పక్కకు మరో చిక్కు. రింగు మూలల దగ్గర గట్టిగా పట్టుకుంటుంది, మూలనుంచి మూలకు మధ్యలో మాత్రం బయటికి విల్లులా ఉబ్బుతుంది. 370 మిల్లీమీటర్ల పక్క మధ్యలో ఉన్న కడ్డీని అది ఆపలేదు. రింగు పక్క 300 దాటితే మధ్యలో అడ్డంగా ఒక క్రాస్ టై వేయాలి, దాని రెండు కొసలకూ 135 డిగ్రీల హుక్కులే ఉండాలి. పిల్లరులో ఇరుకు సందుల్లోంచి దాన్ని దూర్చి రెండు కొసలూ కడ్డీలకు తగిలించడం విసుగు పుట్టించే పని. అందుకే ముందుగా ఎగ్గొట్టేది దాన్నే. దాన్ని వదలకుండా వేసిన పిల్లరు కనబడితే ఆ మేస్త్రి మిగతా పని మీద కూడా నమ్మకం పెట్టుకోవచ్చు.

బీము కలిసే చోట

రింగు కథలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం పిల్లరు మీదికి బీములు వచ్చి చేరే ముడి దగ్గర ఉంది. నాలుగు వైపుల నుంచి బీము కడ్డీలు అక్కడే దూరుతాయి, పిల్లరు కడ్డీలు వాటి మధ్యలోంచి పైకి పోతాయి. వేలు పెట్టడానికి సందుండదు. సరిగ్గా అక్కడే రింగులు కావాలి. భూకంపంలో ఆ ముడి రెండు ఏటవాలు దిక్కుల్లో లాగబడి ఎక్స్ ఆకారంలో చీలుతుంది. ముడి విడిపోతే పిల్లరూ బీమూ ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. నాలుగు వైపులా తగినంత వెడల్పు బీములు పట్టి ఉంటే అక్కడి రింగులను కొంత ఎడం చేసుకోవచ్చని నిబంధన వీలు కల్పించింది, మానేయవచ్చని ఎక్కడా చెప్పలేదు.

బీము కడ్డీలు దూర్చాక పూర్తి రింగును లోపలికి ఎక్కించడం అసాధ్యం. కాబట్టి పనంతా వరసలో ఉంది. విజయవాడలో ఒక సైటులో సెంట్రింగ్ పైన నిలబడి ఒక మేస్త్రి కుర్రాళ్లకు చెబుతున్న మాట వినండి: "ముందు నాలుగు రింగులు పిల్లరు మీదికి ఎక్కించి పైన వేలాడదీయండ్రా. తర్వాతే బీము." కుర్రాడు "బీము అయ్యాక వేస్తే ఏమవుద్ది మేస్త్రీ?" అన్నాడు. "అయ్యాక ఎక్కదురా, అప్పుడు కోసి పెడతావు. కోసిన రింగు రింగే కాదు." ఆ పెద్దాయన ఏ పుస్తకమూ చదివి ఉండకపోవచ్చు. నిబంధన రాసినవాళ్లకు, ఆయనకు మధ్య రవ్వంత తేడా లేదు.

ఆ నాలుగు రింగులనూ బైండింగ్ వైరుతో పిల్లరు కడ్డీలకు పైన కట్టి ఉంచుతారు. బీము కింది కడ్డీలు దూర్చాక ఒకటి దించి కడతారు. బీము పై కడ్డీలు వచ్చేలోపు మిగతావి ఒక్కొక్కటే దించుతూ ఎడం సరిచూసి బిగిస్తారు. ఒక రింగు హుక్కు ఈ మూల ఉంటే పై రింగు హుక్కు పక్క మూలకు తిప్పుతారు. హుక్కులన్నీ ఒకే మూల వరసగా ఉంటే ఆ మూల బలహీనమవుతుంది. అలా మూల మారుస్తూ పైకి పోతే కింద నిలబడి చూసినవాడికి హుక్కులు పిల్లరు చుట్టూ మెట్లెక్కుతున్నట్టు కనిపిస్తాయి. ఈ పని చేసేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. ఎండ కాచిన ఇనుము మీద చేతులు వేసి చేసే పని అది.

పాత పిల్లరుకు కొత్త రింగు

ఇల్లు కట్టి ముప్పై ఏళ్లయ్యాక రింగు మళ్లీ చర్చకు వస్తుంది. విశాఖలాంటి సముద్రతీర పట్నాల్లో ఉప్పు గాలికి పిల్లరు పెచ్చులూడితే మొదట కనబడేది తుప్పు పట్టిన రింగే. అది అన్నింటికన్నా బయట ఉంటుంది, అన్నింటికన్నా సన్నం. చుట్టూ ఒక మిల్లీమీటరు తుప్పు తిన్నదనుకోండి. ఇరవై ఎం.ఎం. నిలువు కడ్డీ పద్దెనిమిది అవుతుంది, ఇనుములో అయిదో వంతు లోపే పోయినట్టు. ఎనిమిది ఎం.ఎం. రింగు ఆరు అవుతుంది, దానిలో నూటికి 44 వంతులు పోయినట్టు. నిలువు కడ్డీ బాగానే ఉంది కదా, పూతపూసి మూసేద్దాం అనుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్క చెబుతుంది.

ఇలాంటి పిల్లరుకూ, పైన అంతస్తు వేయాలనుకున్నప్పుడు చాలని పిల్లరుకూ చేసే మరమ్మతు జాకెటింగ్. పాత పిల్లరు చుట్టూ కొత్త కడ్డీలు, కొత్త రింగులు, కొత్త కాంక్రీటు. దీనికి ఐఎస్ 15988 అనే నిబంధన 2013లో వచ్చింది. కొత్త కాంక్రీటు పొర చుట్టూ కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి, దాని బలం పాతదానికన్నా చదరపు మిల్లీమీటరుకు కనీసం అయిదు న్యూటన్లు ఎక్కువ ఉండాలి. అడుగు చదరం పిల్లరు అడుగున్నర దాటి, 500 మిల్లీమీటర్ల చదరం అవుతుంది.

పని క్రమం చూడదగింది. ముందు చుట్టూ ఉన్న బీముల కింద జాకీలు బిగించి పిల్లరు మీది బరువు తగ్గిస్తారు. వదులైన కాంక్రీటును గట్టి భాగం తగిలేదాకా చెక్కుతారు, వైరు బ్రష్షుతో తుప్పు రుద్దుతారు. పాత పిల్లరు మొహాన్ని నున్నగా ఉంచకుండా గరుకు చేసి, రంధ్రాలు వేసి, ఎపాక్సీతో చిన్న కడ్డీ ముక్కలు నాటుతారు. పాతదీ కొత్తదీ ఒకటిగా పనిచేయాలంటే ఆ పట్టు కావాలి. కింద ఫుటింగు దాకా తవ్వి కొత్త నిలువు కడ్డీలను అక్కడ నాటుతారు, పైన స్లాబుకు రంధ్రాలు చేసి పై అంతస్తులోకి పంపుతారు. బీములు అడ్డం ఉంటాయి కాబట్టి కడ్డీలు మూలల దగ్గర గుంపుగా వస్తాయి.

ఇప్పుడు రింగు. పైన స్లాబు ఉంది, కింద నేల ఉంది. చుట్టూ పూర్తిగా మూసిన రింగును ఎటునుంచీ ఎక్కించలేం. అందుకే రింగును రెండు ఎల్ ముక్కలుగా చేస్తారు. ఒక కొస బల్ల మీదే 135కు వంచి ఉంటుంది. ముక్కను పిల్లరుకు ఆనించి, వంచిన కొసను ఒక మూల కడ్డీకి తగిలించి, రెండో కొసను ఎదుటి మూల కడ్డీ చుట్టూ పైపు ముక్క తొడిగి అక్కడికక్కడే లోపలికి తిప్పుతారు. రెండో ఎల్ అవతలి వైపు నుంచి అదే విధంగా. పాత కాంక్రీటుకూ కొత్త కడ్డీకీ మధ్య ఉన్న రెండుమూడు అంగుళాల సందులో హుక్కు కొస దిగాలి. చేయి తిప్పడానికి చోటుండదు, మోకాళ్ల మీద కూర్చుని చేయాలి. చాలాచోట్ల ఇక్కడ ఓపిక చాలక తొంభై డిగ్రీలకే వదిలేస్తారు. వదలకుండా చివరిదాకా తిప్పిన జాకెట్ ఒకటి చూశాను. ప్రతి హుక్కూ ఒకే కోణంలో, ఎల్ ముక్కల కలయిక ప్రతి వరసలోనూ మూల మారుతూ ఉంది. సెంట్రింగ్ మూసేముందు ఆ పిల్లరు చుట్టూ రెండుసార్లు తిరిగి చూడకుండా ఉండలేకపోయాను.

ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: పగిలిన ఒక్క పిల్లరుకే జాకెట్ వేస్తే చాలదా? తుప్పు మరమ్మతుకైతే ఒక్కోసారి చాలుతుంది. కానీ లావైన పిల్లరు బిరుసెక్కుతుంది, భవనం ఊగినప్పుడు మిగతావాటి వంతు బరువు కూడా తన మీదికి లాక్కుంటుంది. ఆ బరువు దాని కింది ఫుటింగు మోయగలదా, చుట్టుపక్కల బీములు తట్టుకోగలవా అన్నది భవనాన్నంతా లెక్కలో పెట్టి చూస్తే తప్ప చెప్పలేం. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవకుండా మేస్త్రి ఒక్కడితో మాట్లాడుకుని చేయించే పని కాదు ఇది.

రింగుకు కూలీ

ఇంత పనితనానికి మనం ఇస్తున్నదేమిటి? రాడ్ బెండింగ్ కూలీ టన్నుకు ఇంతనో, చదరపు అడుగుకు ఇంతనో మాట్లాడుకుంటారు. ఆ లెక్కలో తొంభై డిగ్రీల హుక్కుకూ 135 డిగ్రీల హుక్కుకూ తేడా లేదు. క్రాస్ టై వేసినవాడికీ ఎగ్గొట్టినవాడికీ ఒకే రేటు. త్వరగా ముగించినవాడు లాభపడతాడు, సరిగ్గా చేసినవాడు నష్టపోతాడు. తప్పు మేస్త్రిది అనడం తేలిక. ఆ తప్పును కూలీ మాట్లాడే రోజే మనం రాసిపెడుతున్నాం.

లెక్క కట్టి చూడండి. మన పిల్లరుకు ఒక అంతస్తులో కింద ఆరు, పైన ఆరు, మధ్యలో పన్నెండు, ముడిలో నాలుగైదు, కలిపి దాదాపు ముప్పై రింగులు. ఇంటికి పన్నెండు పిల్లర్లయితే అంతస్తుకు 360 రింగులు, 720 హుక్కులు. హుక్కు పూర్తిగా తిప్పడానికి రెండంగుళాల కడ్డీ అదనంగా పట్టిందనుకున్నా మొత్తం 36 మీటర్లు. ఎనిమిది ఎం.ఎం. అయితే 14 కిలోలు, పది ఎం.ఎం. అయితే 22 కిలోలు. ఒక అంతస్తు పిల్లర్లన్నిటికీ ప్రాణరక్షణగా కొనుక్కునే ఇనుము అంతే. దాని మీద ఒక పూట అదనపు కూలీ.

అందుకే ఇల్లు మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఒప్పందం రాసే రోజునే హుక్కులు 135 డిగ్రీలు, కొసల్లో రింగులు డ్రాయింగులో ఉన్న ఎడంలో, ముడిలో రింగులు, క్రాస్ టైలు అని విడిగా రాయండి, దానికి విడిగా డబ్బు కట్టండి. పిల్లరుకు పెట్టె మూసేముందు, బీములకు కాంక్రీటు పోసేముందు ఇంజినీరును వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. కొస లోపలికి తిరిగిందా, హుక్కులు మూల మారుతున్నాయా, ముడిలో ఎన్ని ఉన్నాయి అని వేలితో చూపించి లెక్కపెట్టండి. సరిగ్గా ఉంటే ఆ మాట మేస్త్రితో నలుగురి ముందూ అనండి. బాగా చేసిన పనిని చూడగల కళ్లు యజమానికి ఉన్నాయని తెలిసిన చోట ఆ నలభై అయిదు డిగ్రీలు తిప్పడానికి ఏ మేస్త్రీ వెనకాడడు.